చెట్టుపాము కొనేముందు

హ్యూస్టన్

చిన్నూ,

నువ్వు పంపిన ఫొటో చూశాను. కొమ్మ మీద చుట్టలు వేసుకుని, నడుమ తల ఆనించి పడుకున్న ఆ పచ్చటి పాము మీద ఎవరైనా మనసు పడతారు. గ్రీన్ ట్రీ పైథాన్ అంటే నాకూ ప్రాణమే. కానీ "కొనేయనా పిన్నీ?" అన్నదానికి ఫోన్లో ఒక్క మాటతో జవాబు చెప్పలేక ఉత్తరం రాస్తున్నాను.

ముందు నీ సంగతి చూసుకో. బాగా చూసుకుంటే ఈ పాము పదిహేను, ఇరవై ఏళ్ళు బతుకుతుంది. నీ చదువు అయ్యాక ఉద్యోగం ఏ ఊళ్ళోనో, వీసా ఎటు తేలుతుందో ఎవరికీ తెలియదు. ఇది వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైట్స్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్న జీవి, అనుమతి పత్రాలు లేకుండా దేశం దాటించడానికి వీల్లేదు. నువ్వు ఇండియా వెళ్ళిపోవాల్సి వస్తే దాన్ని ఎవరు తీసుకుంటారో ఇప్పుడే ఒక మనిషిని అనుకో, ఆ మనిషితో మాట్లాడు. లీజులో పాములకు ఒప్పుకున్నారో లేదో చదువు. నీ రూమ్మేట్లు శాకాహారులు కదా, పాముకు పెట్టే గడ్డకట్టిన ఎలుకల ప్యాకెట్లు అందరూ వాడే ఫ్రిజ్‌లో పెట్టకు. చిన్న ఫ్రీజర్ వేరుగా కొనుక్కో.

ఇంకో మాట. ఈ ముచ్చటతో సెలవులకు ఊరెళ్ళినప్పుడు దొడ్లో పసిరిక పామును పట్టి డబ్బాలో పెట్టేవు. మన పాములను పట్టి పెంచుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అది కళ్ళు పొడుస్తుందని మన పెద్దవాళ్ళు చెప్పేది నిజం కాదు, బల్లులనూ కప్పలనూ తిని బతికే పాము అది. దాన్ని కంచె మీదే ఉండనియ్యి.

ఇక నీ పాము. దీని సొంత చోటు న్యూగినీ, చుట్టుపక్కల దీవులు, ఆస్ట్రేలియా ఉత్తరపు కొసన కేప్ యార్క్. ఆ అడవుల్లోంచి దొంగతనంగా పట్టి తెచ్చినవి "ఫారంలో పుట్టినవి" అనే కాగితంతో అమ్ముడుపోయాయి. జెస్సికా లయన్స్, డేనియల్ నటూష్ అనే పరిశోధకులు 2011లో ఈ గుట్టు బయటపెట్టారు. ఇండోనేషియా నుంచి పెంపకంలో పుట్టినవంటూ ఎగుమతయ్యే గ్రీన్ ట్రీ పైథాన్లలో కనీసం 80 శాతం అడవిలో పట్టినవేనని తేల్చారు. అలాంటి పాము ఒంట్లో పురుగులతో, దారి పొడవునా పడ్డ బెదురుతో నీ ఇంటికి వస్తుంది. చవగ్గా వస్తోందంటే అనుమానించు. దిగుమతి సరుకు వద్దే వద్దు. ఇక్కడే గుడ్లు పొదిగించిన బ్రీడర్ దగ్గర, తల్లీతండ్రీ పాములను చూపించగల మనిషి దగ్గరే కొను.

పిల్లపామును కొనకు. ఇవి పుట్టినప్పుడు పసుపుపచ్చగానో ఇటుక రంగులోనో ఉంటాయి, పచ్చ రంగు తర్వాత వస్తుంది. ఆ పసుపు పిల్లలను చూసి మోజుపడి కొన్నవాళ్ళు తరచూ కష్టపడతారు, ఎందుకంటే కొన్ని పిల్లలు ఎలుక పిల్లను ముట్టనే ముట్టవు. ఏడాది దాటి, రంగు తిరిగి, కరిగించిన ఎలుకను తనంతట తాను తింటున్నదాన్ని అడుగు. ఎప్పుడు తిన్నది, ఎప్పుడు కుబుసం విడిచింది, రాసిపెట్టిన పుస్తకం చూపించమను. నిడోవైరస్ అనే శ్వాసకోశపు జబ్బు ఈ జాతిని బాగా పీడిస్తోంది. నోటి నుంచి స్వాబ్ తీసి చేసిన పీసీఆర్ పరీక్ష ఫలితం లేకుండా డబ్బు కట్టకు. మీ చికాగో చలి రోజుల్లో కొరియర్‌లో తెప్పించుకోకు, వసంతం దాకా ఆగు.

నువ్వు దాన్ని భుజాన వేసుకుని ఫొటో దిగాలనుకుంటున్నావని నాకు తెలుసు. ఇది చూసి ఆనందించాల్సిన పాము, చేతుల్లో ఆడించేది కాదు. పగలంతా కొమ్మ మీద కదలదు, రాత్రి వేటకు సిద్ధమవుతుంది. పెదవుల మీది గుంటలతో వేడిని పసిగడుతుంది కనుక చీకట్లో నీ చెయ్యి కూడా దానికి ఎలుకలాగే తోస్తుంది. ముందు పళ్ళు పొడవు, కరిస్తే లోతుగా దిగుతాయి. కొమ్మను చుట్టుకుని ఉన్నప్పుడు లాగితే తోక ఎముకలు దెబ్బతింటాయి, లేత పాములకు మరీను. కొమ్మతో సహా బయటికి తీసే ఏర్పాటు చేసుకో. చేత్తో పట్టుకునే పామే కావాలంటే కార్పెట్ పైథాన్ తీసుకో. అదీ చెట్లెక్కుతుంది, తేమ కాస్త అటూ ఇటూ అయినా తట్టుకుంటుంది. మొదటి పాముకు నా ఓటు దానికే. ఎమరాల్డ్ ట్రీ బోవా జోలికి ఇప్పుడే పోకు, తిన్నది కక్కేసే బాధ దానిలో ఎక్కువ.

గ్రీన్ ట్రీ పైథానే కావాలంటే, కేజ్ రెండడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉంటే పెద్ద పాముకు సరిపోతుంది. నిలువు కొమ్మలు దీనికి పనికిరావు. పాము ఒంటి లావున్న కొమ్మలు అడ్డంగా, వేర్వేరు ఎత్తుల్లో బిగించు. ఒక వైపు 86 నుంచి 88 డిగ్రీల ఫారన్‌హీట్ వేడి, రెండో వైపు 78 దగ్గర చల్లదనం ఉంటే తనకు కావలసిన చోటు తనే వెతుక్కుంటుంది. థర్మోస్టాట్ లేని హీటర్ పెట్టకు.

ఎక్కువమంది తప్పు చేసేది తేమ దగ్గర. వానల అడవి పాము కదా అని పొద్దస్తమానం తడిపేస్తారు. నిత్యం తడిగా ఉంటే చర్మం కుళ్ళుతుంది, ఊపిరితిత్తులకు జబ్బు చేస్తుంది. సాయంత్రం నీళ్ళు చిమ్ము, మర్నాటికి ఆరనివ్వు, మళ్ళీ చిమ్ము. మీ చికాగోలో శీతాకాలం హీటర్లు గాలిని పొడిబారుస్తాయి, అక్కడ నా హ్యూస్టన్ లెక్క పనికిరాదు. అందుకే తేమ కొలిచే మీటరు పెట్టుకో.

తిండి దగ్గర జాలిపడకు. కొమ్మ మీద కదలకుండా కూర్చునే ఒళ్ళు అది. పెద్ద పాముకు రెండు మూడు వారాలకు ఒక ఎలుక చాలు, అదీ దాని ఒంటి లావుకు మించకుండా. ఎక్కువ పెట్టినా, నీళ్ళు చాలకపోయినా పేగు కిందికి జారే ప్రమాదం ఈ జాతికి ఉంది. బతికున్న ఎలుకను వదలకు, పామునే కొరికేస్తుంది. పొడుగాటి పటకారుతో అందించు. పామును ముట్టుకున్న ప్రతిసారీ చేతులు సబ్బుతో కడుక్కో, సాల్మొనెల్లా భయం ఉంది. పాములను చూసే వెటర్నరీ డాక్టరు మీకు ఎంత దూరంలో ఉన్నారో ఇప్పుడే కనుక్కో.

ముందు మీ అమ్మకు చెప్పు. తర్వాత పాము లేకుండానే కేజ్ పెట్టి, ఒక నెలపాటు రోజూ రెండు పూటలా వేడి, తేమ లెక్కలు రాసి నాకు పంపు. అవి నిలకడగా ఉంటే బ్రీడర్‌ను ఇద్దరం కలిసి వెతుకుదాం.

మీ పిన్ని