నీరెక్కడికి పోవుచున్నది? - పాత వ్యాను రేడియేటరు పాఠము

కోనసీమకు నైరృతి కొసను, వాసిష్ఠ గోదావరి బంగాళాఖాతమున కలియు చోట అంతర్వేది యున్నది. అచ్చట శ్రీ లక్ష్మీనరసింహస్వామివారి కల్యాణము మాఘశుద్ధ దశమినాటి రాత్రియు, రథోత్సవము మరునాడు భీష్మైకాదశినాడును జరుగును. ఆ దినములందు సఖినేటిపల్లి నుండి అంతర్వేదికి పోవు రోడ్డుపై యాత్రికుల వ్యానులు చీమలబారు వలె మెల్లగా కదలుచుండును. తక్కిన కాలమున వ్యానులు కొబ్బరికాయలను, చేపలను, మంచుగడ్డలలో పెట్టిన రొయ్యలను మోయుచుండును. వీనిలో పాతబండ్లు పెక్కు కలవు. బండి పాతదగుట దోషము కాదు. ప్రతి ఉదయమున రేడియేటరు మూత తీసి, తగ్గినంత నీటిని చెంబుతో నింపి, మాటలాడక బయలుదేరుటయే దోషము.

రేడియేటరులోని నీరు పెట్రోలు వలె, డీజిలు వలె ఖర్చగు వస్తువు కాదు. అది మూసియున్న దారిలో తిరుగుచుండును. పంపు దానిని సిలిండర్ల చుట్టును త్రిప్పును. అచ్చట వేడెక్కిన నీరు రేడియేటరు సన్నని గొట్టములలో చల్లబడి మరల ఇంజనును చేరును. కనుక వారమునకొకసారి నీరు తగ్గుచున్నదనిన ఎచ్చటనో కారుచున్నదని అర్థము. కారుట కంటికి కనబడకున్నను అర్థము మారదు.

రేడియేటరు మూత వట్టి బిరడా కాదు. అనేక వాహనములలో అది చదరపు సెంటీమీటరునకు సుమారు 0.9 కిలోగ్రాముల ఒత్తిడిని లోపల నిలుపును. ఆ ఒత్తిడియందు నీరు 100 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద గాక 118 డిగ్రీల దాపున గాని మరగదు. సూదిబెజ్జమంత సందున్నను ఒత్తిడి నిలువదు, నీరు ముందుగానే మరగును. తీర్థపు రద్దీలో బండి ప్రాకుచున్నపుడు రేడియేటరుకు ఎదురుగాలి తగులదు. పంకా యొక్కటే ఆధారము. ఏడాది పొడవున దాగియున్న చిన్న కారుడు ఆనాడే, నిండు జనము ఎక్కియున్నపుడే, బయటపడుట అందుచేతనే. ఇంకొక మోసము కలదు. నీరు మిక్కిలి తగ్గినచో వేడిని తెలుపు మొన ఆవిరిలో మిగిలిపోవును. అప్పుడు ఇంజను కాలిపోవుచున్నను మీటరు ముల్లు క్రిందనే నిలిచి, అంతయు బాగున్నదని చెప్పవచ్చును.

ఇక నింపెడి నీటి సంగతి. సముద్రతీరమున అనేకములైన బావులలోను బోరులలోను నీరు ఉప్పన. ఆ ఉప్పు ఇనుమును, అల్యూమినియమును గుంటలు పడునట్లు తినివేయును. నీటిలోని సున్నము సన్నని గొట్టములలో పెచ్చు కట్టును. ఆ నీటిని కాచి పోయుదురు కొందరు. కాచిన ఉప్పు పోదు. నీరు ఇగిరిన కొలది చిక్కబడును. అనగా కారుటకు మందని పోసెడి నీరే రేపటి క్రొత్త రంధ్రమునకు కారణమగును. గత్యంతరము లేక త్రోవలో పోసినను, ఇల్లు చేరిన పిమ్మట దానిని తీసివేయవలెను. బ్యాటరీలకు పోసెడి శుద్ధజలము దుకాణములలో దొరకును. రేడియేటరుకు అదియే తగినది.

కారు చోటును కనుగొనుటకు తొందర పనికిరాదు. రాత్రి ఇంజను పూర్తిగా చల్లారిన పిమ్మట నీటిని గుర్తు వరకు నింపి, ప్రక్క డబ్బాపై గీత పెట్టుడు. అంతర్వేది ఇసుకనేల, బొట్లు పడిన క్షణముననే ఇంకిపోవును గనుక, ఏమియు కారుటలేదని యజమాని భ్రమపడును. బండి క్రింద తెల్లని ప్లాస్టిక్ గోనెను గాని, అట్టపెట్టె విప్పిన అట్టను గాని పరచుడు. ఉదయమున మరక యే భాగము క్రింద నున్నదో, ఆ పైభాగమున వెదకవలెను. ఏసీ యున్న బండి క్రింద పడు నీరు వట్టి నీరే. కూలెంటయినచో రంగుండును, వ్రేళ్లకు జిడ్డుగా తగులును, తియ్యని వాసన వేయును. రుచి మాత్రము చూడరాదు, అది విషము.

మొదట మూతనే చూడుడు. దానిలోని రబ్బరు బిళ్ల గట్టిపడినను, చిట్లినను ఒత్తిడి నిలువక నీరు ప్రక్కగొట్టము వెంట పోవును. ఇంతకన్న చవుక మరమ్మతు లేదు. అయినను దీనిని చివరకు తలచుకొనువారే యెక్కువ. తరువాత పైగొట్టమును, క్రిందిగొట్టమును నొక్కి చూడుడు. క్లిప్పుల దాపున తెల్లగనో పచ్చగనో ఎండిన పొక్కు కట్టియున్న అదియే జాడ. సముద్రపు గాలికి క్లిప్పులు త్రుప్పుపట్టుటయు, రేడియేటరు రేకులు బయటినుండి పొడియై రాలుటయు ఇచ్చట సామాన్యము. వాటరుపంపు ఇరుసు క్రింద చిన్న బెజ్జముండును. అచ్చట నీరు కారిన పంపు సీలు పోయినట్లు. ఆ బెజ్జమును మూయరాదు. అది తెలుపుటకే పెట్టబడినది.

ఇంకను దొరకనిచో వర్క్‌షాపున చేతిపంపుతో పరీక్ష చేయింపుడు. దానిని రేడియేటరు మూతికి బిగించి, మూతపై వ్రాసియున్న ఒత్తిడి వరకు మాత్రమే కొట్టవలెను. పావుగంటలో ముల్లు జారిన ఎచ్చటనో కారుచున్నది. ఇంజను చల్లగా నుండగనే నిర్భయముగా వెదకవచ్చును. ఆ పంపు లేనిచోట, ఇంజనును నడిపి దీపపు వెలుగులో చూచుటయే మార్గము. అప్పుడు కండువాను, వ్రేలాడు బట్టలను బెల్టుకు దూరముగా నుంచవలెను. విద్యుత్ పంకా ఇంజను ఆగిన తరువాత కూడ తనంతట తిరుగ మొదలిడవచ్చును.

బయట చుక్కయైన కనబడక నీరు తగ్గుచుండిన, లోపల శంకింపవలెను. ఇంజను ఆయిలు పాలు కలిసిన టీ వలె మారుట, వేడెక్కిన పిదపను సైలెన్సరు నుండి తెల్లని పొగ విడువక వచ్చుట, రేడియేటరులో బుడగలు పొంగుట - ఇవి హెడ్డు గ్యాస్కెట్టు పోయిన గుర్తులు. అట్టి బండిని నడుపక మెకానికునకు అప్పగించుటయే మేలు.

బాగుచేయుట, చోటు తెలిసిన పిమ్మట, కష్టము కాదు. పగిలిన గొట్టమునకు క్రొత్త గొట్టము, త్రుప్పుపట్టని ఉక్కు క్లిప్పులు వేయుడు. రబ్బరు తెగునంత బిగింపకుడు. రాగి, ఇత్తడి రేడియేటరులకు టంకము పట్టును. ప్లాస్టిక్ తొట్టెలు గల అల్యూమినియము రేడియేటరులకు పూసిన జిగురు దారి గడచుటకే. వానిని మార్చుట మంచిది. ఇక డ్రైవర్ల ప్రసిద్ధ చిట్కా పసుపు. రేడియేటరులో పసుపు పోసిన సన్నని బెజ్జము ఒక్కొకప్పుడు పూడుట నిజమే. కాని ఏది బెజ్జమో ఏది గొట్టమో పసుపునకు తెలియదు. పూడరాని చోటును పూడ్చినచో వేడి ఇనుమడించును.

మన సీమలో నీరు గడ్డకట్టదు గదా, కూలెంటు ఎందుకని కొందరు అడుగుదురు. దానిలో త్రుప్పును నివారించు మందులుండును, మరగుస్థానమును పెంచు గుణముండును. మనకు కావలసినవి అవియే. ఉప్పునీరు త్రాగిన ఇంజనును శుభ్రజలముతో, తేటనీరు వచ్చువరకు కడిగి, బండి పుస్తకములో చెప్పిన రకము కూలెంటును నింపవలెను. చిక్కని కూలెంటయినచో సమపాళ్లలో శుద్ధజలమును కలుపుదురు. భిన్నరకములను కలుపరాదు. తీసిన పాత కూలెంటును వీథిలోగాని, కాలువలోగాని, రొయ్యలచెరువు గట్టునగాని పారబోయకుడు. తియ్యగా నుండుటచే కుక్కలును పశువులును నాకి చచ్చును. డబ్బాలో పోసి, పిల్లలకు అందకుండ దాచి, వర్క్‌షాపువారికి అప్పగింపుడు.

దారిలో నీరు మరిగినచో బండిని వెంటనే నీడకు ఆపుడు. మూతను ముట్టకుడు, లోపలి నీరు ఒక్క పెట్టున ఎగసి ముఖమును, చేతులను కాల్చును. కాలుచున్న ఇంజనుపై చన్నీరు పోయకుడు; హెడ్డు పగులవచ్చును. అరగంటకు తక్కువ కాకుండ, చేతితో తాకగలుగు వరకు ఆగవలెను. వెనుక రొయ్యల మంచు కరుగుచున్నపుడు ఆగుట ఎంత కష్టమో ఎరుగని వారు ఈ మాట తేలికగా చెప్పుదురు. అయినను ఆ లోడును మరొక బండికి మార్చుటకగు కూలి, వంగిన హెడ్డును సాపు చేయించుటకగు ఖర్చుతో పోల్చిన బహుస్వల్పము.

మరమ్మతు ముగిసిన వెంటనే బండిని బరువునకు పంపకుడు. ముందుభాగము కొంచెము ఎత్తుగా నుండునట్లు నిలిపి, చల్లని ఇంజనులో కూలెంటును మెల్లగా పోయుచు, మూత తెరచియే నడిపి, బుడగలు ఆగు వరకు గాలిని పోనిండు. ఇంజను సీటు క్రిందను రేడియేటరు దూరమునను ఉండు వ్యానులలో గాలి నిలుచుట మెండు. చల్లారిన పిదప తగ్గినది నింపి, గీత పెట్టి, గోనెను మరల పరచుడు. మూడు ఉదయములు గీత గీత వద్దనే యుండి, గోనె పొడిగా నున్నచో దానిని తీసివేయవచ్చును.