టేబుల్ చెప్పేది, చెప్పనిది

సందేహం: మా ప్రాజెక్టులో విద్యార్థుల నమోదు ఫారం ఉంది. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్, సర్వర్ నోడ్. టేబుల్లో కాలమ్ మారినప్పుడల్లా, ఫారం వివరాలను సరిచూసే జోడ్ స్కీమాను చేత్తో దిద్దుకోవాల్సి వస్తోంది. టేబుల్ నుంచే దాన్ని తయారు చేయించలేమా?
– ఓ విద్యార్థిని, రాజాం

సమాధానం: చేయించొచ్చమ్మా, చేయించాలి కూడా. ఒకే నియమాన్ని రెండుచోట్ల రాస్తే ఏదో ఒకచోట మార్చడం మరిచిపోతాం.

ఇన్ఫర్మేషన్ స్కీమాలోని కాలమ్స్‌ను మామూలు సెలెక్ట్‌తో చదివితే ప్రతి కాలమ్ పేరు, రకం, గరిష్ఠ పొడవు, నల్ ఒప్పుతుందా, డిఫాల్ట్ ఉందా అన్నీ వచ్చేస్తాయి. వాటి మీద లూప్ తిప్పి ఫైలు రాయించడమే. అయితే నల్ సంగతి ట్రూ, ఫాల్స్‌గా రాదు. ‘యెస్’, ‘నో’ అనే స్ట్రింగులుగా వస్తుంది. జావాస్క్రిప్ట్‌కు ‘నో’ అన్న స్ట్రింగు కూడా నిజమే! దాన్ని నేరుగా ఇఫ్‌లో పెట్టారా, తప్పనిసరి కాలమ్‌లన్నీ వదిలేయదగినవైపోతాయి. విలువను ‘యెస్’తో పోల్చి చూడండి. నాట్ నల్ ఉన్నా డిఫాల్ట్ కూడా ఉంటే, కొత్త రికార్డు చేర్చేటప్పుడు ఆ కాలమ్ ఐచ్ఛికమే. బిగింట్‌ను నోడ్ డ్రైవర్ స్ట్రింగుగానే ఇస్తుంది. 9007199254740991 దాటితే జావాస్క్రిప్ట్ నంబరును నమ్మలేం.

అలా తయారైన ఫైలును చేత్తో ముట్టుకోకండి. పోస్ట్‌గ్రెస్‌లో నాట్ నల్ పెట్టినా ఖాళీ స్ట్రింగు లోపలికి వచ్చేస్తుంది. పేరు ఖాళీగా ఉండకూడదు, ఫోన్ పది అంకెలుండాలి లాంటివి వేరే ఫైల్లో రాసి ఎక్స్‌టెండ్‌తో కలుపుకోండి. మైగ్రేషన్ నడిచిన ప్రతిసారీ మొదటి ఫైలు మళ్ళీ తయారైనా, మీరు రాసింది చెక్కుచెదరదు.

సందేహం: జిల్లాల పేర్లను టేబుల్లోంచి చదివి స్కీమాలో ఎనమ్‌గా పెట్టేయవచ్చా? తెలుగు పేర్లకు వార్‌చార్ 10 చాలుతుందా?
– ఓ ప్రోగ్రామర్, బొబ్బిలి

సమాధానం: ఎనమ్ వద్దండీ. 2022 ఏప్రిల్ 4న మీ చుట్టుపక్కల ఏం జరిగిందో మీకు తెలుసు. రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాలోకి వచ్చింది. పాలకొండ, సీతంపేట కొత్తగా ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళాయి. పాత జాబితాను కోడ్‌లో బిగించుకున్న ఫారం, మళ్ళీ తయారు చేసేదాకా కొత్త జిల్లాను తప్పంటూనే ఉంటుంది. స్కీమా జిల్లా కోడ్ ఆకారాన్ని చూస్తే చాలు, ఆ జిల్లా ఉందో లేదో ఫారిన్ కీ చూసుకుంటుంది. మండలం ఆ జిల్లాలోదేనా అన్నదీ తేల్చాలంటే రెండు కాలమ్‌లూ కలిపి ఫారిన్ కీ పెట్టండి.

ఇక పొడవు. ‘శ్రీకాకుళం’ కంటికి నాలుగక్షరాలే అయినా పోస్ట్‌గ్రెస్, జావాస్క్రిప్ట్ రెండూ దాన్ని 10గా లెక్కిస్తాయి. ‘శ్రీ’ ఒక్కటే 4. ‘పార్వతీపురం మన్యం’ ఖాళీతో కలిపి 17. కాబట్టి 10 చాలదు, 50 పెట్టి మైగ్రేషన్ నడపండి.