ప్రశ్న చివరి మాట చూడు

ఉంగుటూరు

చిరంజీవి అమ్మలుకి తాతయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం, దాంతోపాటు పంపిన జవాబు పత్రం అందాయి. మూడు పేజీలు నింపినా సగం మార్కులే వేశారని అలిగావట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మొత్తం చదివాను. తెలుగు బాగుంది, దస్తూరీ ఇంకా బాగుంది. కాకపోతే ‘మామిడి రైతు నష్టపోవడానికి కారణాలు వివరించండి’ అని అడిగితే, నువ్వు నూజివీడు వైపు తోటల అందాన్ని వర్ణించి వచ్చావు. మార్కులు అక్కడే పోయాయి.

తెలుగులో ప్రశ్న ఏం కోరుతోందో దాని చివరి మాటే చెబుతుంది. ముందు ఆ మాట కింద గీత గియ్యి. ‘వర్ణించండి’ అంటే కంటికి, ముక్కుకి, నాలుకకి తెలిసింది రాయాలి. చిన్నరసాన్ని మెత్తగా పిసికి, ముచ్చిక తీసి, తొలి చుక్క సొన పిండేసి జుర్రుకుంటే రసం మోచేతిదాకా కారుతుంది చూడు, అదీ వర్ణన. ‘వివరించండి’ అంటే ఎందుకు, ఎలా అన్నవి చెప్పాలి. పూత మీద తేనెమంచు పురుగు చేరి రసం పీల్చేస్తే పూత మాడి రాలిపోతుంది. నిలిచిన కాయ ఈదురుగాలికి రాలితే అడిగినవాడి ధరకే ఇచ్చెయ్యాలి. ‘పోల్చండి’ అంటే రెండింటినీ ఒకే విషయంలో పక్కపక్కన పెట్టాలి. బంగినపల్లికి పీచు ఉండదు, కోసుకు తింటాం. రసానికి పీచు ఉంటుంది, జుర్రుకుంటాం. ఒకదాని రుచి, ఇంకోదాని ధర చెబితే అది పోలిక కాదు.

‘సమర్థించండి’ అన్నదే అన్నిటికన్నా కష్టం. దానికి వాదం, కారణం, ఆధారం మూడూ కావాలి. కార్బైడుతో కాయలు మాగబెట్టకూడదన్నది వాదం. అందులో ఆర్సెనిక్, భాస్వరం ఆనవాళ్లు ఉండి ఆరోగ్యానికి చేటు చేస్తాయన్నది కారణం. 2011 నాటి ఆహార భద్రత నిబంధనలు దాన్ని నిషేధించాయన్నది ఆధారం. ‘మరి వ్యాపారి ఏం చెయ్యాలి?’ అని ఎదుటివాడు అడుగుతాడు. అది ప్రతివాదం. దాన్ని దాటవెయ్యకు. ఇథిలీన్ వాయువుతో, పరిమితికి లోబడి, మాగబెట్టడానికి అనుమతి ఉందని చెప్పు. అప్పుడు నీ వాదానికి బలం వస్తుంది.

ఇక వ్యాసం కట్టుబడి నీకు తెలిసిందే: ఉపోద్ఘాతం, విషయ వివరణ, ముగింపు. ఉపోద్ఘాతంలో నువ్వు ఏం చెప్పబోతున్నావో రెండు మూడు వాక్యాల్లో తేల్చు. ‘పండ్లలో రాజు మామిడి’ అని మొదలుపెట్టకు, క్లాసులో అందరూ అలాగే మొదలుపెడతారు. పేరాకి ఒక్క అంశమే. ముగింపులో కొత్త విషయం తేవద్దు.

రాయడం రావాలంటే చదివేటప్పుడు కూడా ఇవే వెతకాలి. ముఖ్యభావం ఏమిటి? ఏది వాస్తవం, ఏది అభిప్రాయం? బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చిందన్నది వాస్తవం. రసాన్ని మించిన పండు లేదన్నది అభిప్రాయం, అది మీ తాతయ్యదైనా సరే! చదివిందాన్ని పుస్తకం మూసి సొంత మాటల్లో నాలుగు ముక్కల్లో చెప్పగలిగితే అదే సారాంశం. పుస్తకంలోని వాక్యాలే మళ్లీ ఎక్కించడం సారాంశం కాదు.

దీనికి మంచి సాధన సంపాదకీయం. 1902లో మన బందరులో మొదలైన కృష్ణాపత్రికను ముట్నూరి కృష్ణారావుగారి సంపాదకీయాల కోసమే చదివినవాళ్లు ఉండేవారు. నువ్వు వారానికి ఒక్క సంపాదకీయం తీసుకుని, వాదం కింద ఎర్రగీత, ఆధారం కింద నీలిగీత గియ్యి. నీలిగీత ఒక్కటీ పడకపోతే ఆ రచయిత నిన్ను ఒప్పించలేదన్నమాట.

సెలవులకి వచ్చేలోపు ఒక పని. ‘ఏడో తరగతి పిల్లలకు సెల్‌ఫోన్ అవసరమే. సమర్థించండి.’ ఒక్క పేజీ చాలు, రాసి పంపు. ప్రతివాదం నేను రాస్తాను. ఎవరు గెలిచారో మీ మామ్మ తేలుస్తుంది.

శుభాశీస్సులతో,
మీ తాతయ్య