ఇంగిల్‌బరో కొండ ఎక్కేవారికి: చేయవలసినవి - చేయకూడనివి

ఇంగ్లండులోని యార్క్‌షైర్ డేల్స్‌లో ఉన్న ఈ కొండ ఎత్తు 723 మీటర్లే. ఎత్తు చూసి తేలిగ్గా తీసుకోకండి. వాననీరు సున్నపురాయిని కరిగించి చేసిన చీలికలు, బిలాలు దారిలో చాలాచోట్ల ఉన్నాయి.

చేయవలసినవి

• బయలుదేరే రోజు ఉదయం కొండపైని వాతావరణ సూచన చూడండి. కింద ఎండ కాస్తున్నా పైన మబ్బు కమ్మి ఉండవచ్చు.

• ఏ దారిన వెళ్తున్నారో, ఎన్నింటికి దిగుతారో ఒకరికి చెప్పి వెళ్లండి.

• చీలమండను కప్పే, అడుగు జారని బూట్లు వేసుకోండి.

• తాగునీళ్లు కిందినుంచే తీసుకెళ్లండి. సున్నపురాయి నేలలో వాగులు భూమిలోకి దిగిపోతాయి.

• రాతిపలకల మీద ప్రతి అడుగూ చూసి వేయండి. కొన్ని పలకలు కదులుతాయి, కొన్ని చీలికలను ఫెర్న్ ఆకులు కప్పేస్తాయి. చీలికలో కాలు పడితే విరగవచ్చు.

• కాగితపు మ్యాపు, దిక్సూచి వెంట ఉంచుకోండి. వాడటం ఇంటిదగ్గరే నేర్చుకోండి.

• శిఖరం మీద మబ్బు కమ్మితే కదిలేముందు దిక్కు చూసుకోండి. పైభాగం వెడల్పుగా, చదునుగా ఉండి ఎటు చూసినా ఒకేలా కనిపిస్తుంది.

• చలికాలంలో తలకు కట్టుకునే లైటు తీసుకెళ్లండి; డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది.

• ప్రమాదం జరిగితే 999కు ఫోన్ చేసి ముందు పోలీసులను, తర్వాత మౌంటెన్ రెస్క్యూను అడగండి.

• సిగ్నల్ లేకపోతే నిమిషంలో ఆరుసార్లు ఈల ఊదండి; నిమిషం ఆగి మళ్లీ ఊదండి.

చేయకూడనివి

• గేపింగ్ గిల్ అనే బిలం అంచుకు వెళ్లకండి. ఫెల్ బెక్ వాగు అక్కడ దాదాపు 100 మీటర్ల లోతుకు దూకుతుంది. అంచున రాయి, గడ్డి తడిసి జారుతుంటాయి.

• ఫోటో కోసమైతే ఆ అంచుకు అసలే వెళ్లకండి.

• ఆ చుట్టుపక్కల పిల్లల చేయి వదలకండి.

• గేపింగ్ గిల్ లోపల చూడాలనుంటే సొంతంగా దిగకండి. గుహల్లోకి దిగే కేవింగ్ క్లబ్బులు ఏడాదిలో కొన్ని రోజులు వించితో (తాడు చుట్టే యంత్రంతో) దించుతాయి, అప్పుడు వెళ్లండి.

• గరాటులాంటి గుంటల్లోకి దిగకండి. అడుగున నేల కుంగవచ్చు.

• వాన సూచన ఉన్నప్పుడు ఏ గుహలోకీ దూరకండి. నీరు చూస్తుండగానే పెరుగుతుంది.

• జీన్స్ వేసుకుని ఎక్కకండి. తడిస్తే త్వరగా ఆరవు, ఒళ్లు చల్లబడిపోతుంది.

• మొదటిసారే, ఇంగిల్‌బరోతో కలిపి మూడు కొండలెక్కే ‘త్రీ పీక్స్’ సవాలుకు దిగకండి. దాదాపు 38 కిలోమీటర్లు 12 గంటల్లో నడవాలి. హోర్టన్ ఊళ్లో మొదలుపెట్టేవారిలో ఎక్కువమందికి ఇంగిల్‌బరో చివర్లో, అలసిన కాళ్లకు ఎదురవుతుంది.

• రాతిపలకలను పీకకండి, ముక్కలు తీసుకెళ్లకండి. వాటికి చట్టరక్షణ ఉంది.

• పొలాల రాతిగోడలు ఎక్కి దాటకండి; సిమెంటు లేకుండా పేర్చిన రాళ్లు మీదికే జారతాయి.

• గొర్రెలున్నచోట కుక్కను గొలుసు విప్పి వదలకండి.