వాటాపత్రము – లెక్కపుస్తకము

మన బోధను ప్రాంతపు విద్యార్థులకు చెఱకు కాటా క్రొత్త విషయము కాదు. రైతు తన బండిని కాటామీదికి తోలును. గుమాస్తా తూకము వ్రాసికొని చీటీ నిచ్చును. చెఱకు నలిగి రసమైన పిమ్మట రైతునకు మిగులునవి రెండే: చేతనున్న చీటీయు, పుస్తకమున అతని పేరున కెదురుగా నున్న అంకెయు. పేరు తప్పినను, అంకె తప్పినను ఏడాది శ్రమ పరులపాలగును. వాటాల వ్యాపారమందును సంగతి ఇట్టిదే.

వాటా యన నేమి?

పెద్ద కర్మాగారమును నిలుపుటకు ఒక్కని ధనము చాలదు. కావున మూలధనమును సమభాగములుగా విభజింతురు. ఒక్కొక్క భాగమునకు వాటా, లేక షేరు, అని పేరు. 1937లో బోధనున వెలసి, 2015 డిసెంబరులో మూతపడిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఇట్టి లిమిటెడు కంపెనీగానే ఏర్పడినది. వాటాదారుడు యంత్రమునుండి ఒక చక్రమును ఊడదీసికొని ఇంటికి పోజాలడు. కంపెనీ పుస్తకమున తన పేరుండుటయే అతని స్వామ్యము.

కాగితముల కాలము

హైదరాబాదున స్టాకు ఎక్స్చేంజి 1943లో ఏర్పడెను. ఆ దినములలో వాటాను అమ్మువాడు పత్రమునకు బదిలీ ఫారము జతపరచి, స్టాంపులంటించి, సంతకము చేసి ఇచ్చెడివాడు. కొన్నవాడు దానిని కంపెనీకి పంపెడివాడు. అచ్చటి గుమాస్తా ఆ సంతకమును పాత నమూనాతో సరిచూచును. వయసు మీరి చేయి వణకి సంతకము మారెనా, పత్రము తిరిగివచ్చును. టపాలో పోయినవి కొన్ని, చెదలు తిన్నవి కొన్ని, దొంగపత్రములు మరికొన్ని. ధనము చెల్లించియు, తన పేరు పుస్తకమెక్కుటకు నెలలు వేచిన వారు అనేకులు.

యంత్రముల కాలము

1994లో నేషనల్ స్టాకు ఎక్స్చేంజి కంప్యూటరు తెరపై వాటాల బేరమును ప్రారంభించెను. 1996లో డిపాజిటరీల చట్టము వచ్చెను. డిపాజిటరీ యనగా వాటాల నిక్షేపాగారము. బ్యాంకు మన ధనపు లెక్కను ఉంచునట్లు అది మన వాటాల లెక్కను ఉంచును. మన దేశమున ఇట్టివి రెండు: ఎన్.ఎస్.డి.ఎల్. 1996లోను, సి.డి.ఎస్.ఎల్. 1999లోను పని మొదలిడెను. దేశమంతయు ఒకే తెరపై బేరము సాగుచుండగా ప్రాంతీయపు బజారులు సన్నగిల్లెను. హైదరాబాదు ఎక్స్చేంజి 2007లో గుర్తింపును కోల్పోయెను. నెలలు పట్టిన బదిలీ, 2023 జనవరి 27 నుండి అన్ని వాటాలకును బేరము జరిగిన మరుసటి పనిదినముననే ముగియుచున్నది.

ఇంత వేగమున తప్పు దొరలకుండుట ఎట్లు? దీనికొక చక్కని గణితోపాయము కలదు. ప్రతి వాటాకును పండ్రెండు స్థానములు గల గుర్తుసంఖ్య యుండును. అందు కడపటి అంకె కావలివాడు. రిలయన్సు ఇండస్ట్రీసు వారి వాటా సంఖ్యను చూడుడు: ఐ ఎన్ ఇ 0 0 2 ఏ 0 1 0 1 8. ఆంగ్లాక్షరములలో ఏ కు 10, బి కి 11, ఈ వరుసను ఇ కి 14, ఐ కి 18, ఎన్ కు 23 వచ్చును. కడపటి 8 ని విడిచి అంకెలను వరుసగా వ్రాయగా 1 8 2 3 1 4 0 0 2 1 0 0 1 0 1 అగును. కుడివైపునుండి మొదటిది, మూడవది, అయిదవది, ఈ తీరున ఒకటి విడిచి ఒకటి రెట్టింపు చేయుడు. రెట్టింపు రెండంకెల సంఖ్య యైనచో ఆ రెండంకెలను కూడుడు. వీని మొత్తము 16. మిగిలిన వాని మొత్తమును 16. రెండును కలిసి 32. దీనికి పై పదుల సంఖ్య 40, భేదము 8. కావలివాడు సరిగా నున్నాడు! ఎవరైన 002 కు మారుగా 003 అని కొట్టినచో మొత్తము 34 అగును, భేదము 6 అగును. యంత్రము వెంటనే తప్పును పట్టును.

యంత్రము పట్టజాలనిది

అయిన నీ కావలివాడు అంకెను కాయునే గాని మనుష్యుని బుద్ధిని కాయజాలడు. 2019 నవంబరులో సెబీ, హైదరాబాదులోని కార్వీ స్టాక్ బ్రోకింగ్ సంస్థ క్రొత్త ఖాతాదారులను చేర్చుకొనరాదని ఉత్తరువు చేసెను. ఖాతాదారుల వాటాలను ఆ సంస్థ తన అప్పులకై తాకట్టుపెట్టెనన్నది అభియోగము. అచ్చట కూడికలు తప్పలేదు, నమ్మకము తప్పినది. పిమ్మట 2020 సెప్టెంబరు 1 నుండి, వాటాను తాకట్టుంచుటకు యజమాని తన ఫోనునకు వచ్చిన సంఖ్యతో స్వయముగా సమ్మతింపవలెనను క్రొత్త పద్ధతి అమలునకు వచ్చెను.

పేరు సంగతియు నట్టిదే. తెలుగున లక్ష్మి యని ఒకే విధముగా వ్రాయు పేరును ఆంగ్లమున పలువురు పలు విధముల వ్రాయుదురు. ఇంటిపేరు ఒకచోట ముందును, మరియొకచోట వెనుకను ఉండును. మనకు ఒక్కరే; యంత్రమునకు ఇద్దరు. తండ్రి మరణించిన పిదప పెట్టె యడుగున వాటాపత్రము దొరకి, పేరు కుదరక, తల్లి కార్యాలయముల చుట్టు తిరుగవలసివచ్చుట ఎంతటి దుఃఖము!

కావున తలిదండ్రులకొక మనవి. 2019 ఏప్రిలు 1 నుండి కాగితపు వాటాపత్రముల అమ్మకపు బదిలీ సాధారణముగా నిలిచిపోయినది. పాతపత్రములున్నవారు వానిని డీమ్యాట్ ఖాతాకు మార్చుకొనవలెను. నామినీ పేరు వ్రాయించవలెను. ఏడు సంవత్సరములు ఎవరును అడుగని లాభాంశము ప్రభుత్వపు రక్షణనిధికి పోవును. అది నశింపదు, హక్కుదారులు ఋజువు చూపి తిరిగి పొందవచ్చును. ఆ ఋజువునకు మూలము మరల పేరే.

విద్యార్థులారా! మీ పేరు మొట్టమొదట వ్రాయబడు పెద్దపుస్తకములలో మన పాఠశాల ప్రవేశపట్టిక యొకటి. పదవతరగతి పత్రమునకును, అటుపిమ్మట బ్యాంకు ఖాతాకును ఆ పేరే పోవును. రేపు ఉపాధ్యాయులు మిమ్ము పిలిచి "పేరు సరిగా నున్నదా?" అని అడిగినపుడు చూడకయే తల యూపకుడు. అక్షరమక్షరము చదివి చెప్పుడు. ఎప్పుడో మీలో నొకరు పరుల లెక్కపుస్తకమును చేతబట్టి కూర్చుండుదురు. ఆనాడు ప్రతి పంక్తి వెనుకను ఒక చెఱకు బండి, దానిని తోలుకొనివచ్చిన ఒక మనుష్యుడు కలడని తలచుకొనుడు.