మన ముందుగదిలో న్యాయమైన ధర



చిక్కడపల్లి మార్కెట్లో బేరమాడకుండా కూరగాయలు కొనే ఇల్లాలు అరుదు. అది మన అలవాటు. ఆ అలవాటును గిరిజన సోదరుల చేతిపని దగ్గర కూడా చూపవచ్చునా? చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ ప్రాంతాల కతోలిక కుటుంబాలు ఒక ఆదివారం తమ ఇంట్లోనే గిరిజన హస్తకళల అమ్మకం పెట్టదలిస్తే, ముందుగా ఈ ప్రశ్న వేసుకోవాలి.

వస్తువు వెనుక శ్రమ

ఆదిలాబాద్ డోక్రా బొమ్మలనే తీసుకోండి. జైనూరు ప్రాంతంలోని ఉషేగాంలో ఓజా కుటుంబాలు వీటిని తయారుచేస్తాయి. గోండుల దేవతామూర్తులు, గంటలు తరతరాలుగా వీరి చేతిలోనే రూపు దిద్దుకుంటున్నాయి. మొదట మట్టితో లోపలి రూపం చేస్తారు. దానిపై మైనపు తీగలు చుట్టి నగిషీ తీరుస్తారు. మళ్లీ మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగిపోయిన చోట కరిగించిన ఇత్తడి పోస్తారు. చల్లారాక అచ్చు పగలగొడతారు. ఒక అచ్చుకు ఒకే బొమ్మ. అందుకే ఏ రెండు బొమ్మలూ అచ్చంగా ఒకేలా ఉండవు. 2018లో ఈ కళకు భౌగోళిక గుర్తింపు లభించింది. కాని గుర్తింపు పత్రం ఇత్తడి ధరను, కట్టెల ఖర్చును తగ్గించదు.

శ్రీసభ బోధన

పునీత పౌలుగారు గుడారాలు కుట్టి జీవించారు (అపోస్తలుల కార్యములు 18:3). పనివారి కూలి బిగబట్టిన ధనవంతులను పునీత యాకోబుగారు గట్టిగా మందలించారు (యాకోబు 5:4). 1891లో 13వ లియో జగద్గురువులు ‘రేరుమ్ నోవారుమ్’ విశ్వలేఖలో ఒక ముఖ్య విషయం బోధించారు: పనివాడు ఒప్పుకున్నంత మాత్రాన కూలి న్యాయమైనది కాదు, అది అతని జీవనానికి సరిపోవాలి. బేరానికీ ఇదే వర్తిస్తుంది. తిరుగు బస్సుకు డబ్బు లేక తల ఊపిన మనిషిని చూపి “ఆయనే ఒప్పుకున్నాడు కదా!” అనడం న్యాయం కాదు.

అమ్మకం జరిపే తీరు

ధర మీరు నిర్ణయించకండి. సరుకు, రోజుల పని, ప్రయాణ ఖర్చు లెక్కవేసి తయారుచేసినవారే చెప్పాలి. ప్రతి వస్తువు పక్కన ఊరిపేరు, పని విధానం, ధర రాసిన చీటీ పెట్టండి. “పాపం, గిరిజనులు” అని జాలి కలిగించి అమ్మకండి. పనితనం చూపి అమ్మండి. అప్పు ఇవ్వకండి. టీ, పలహారాల ఖర్చు ఇంటివారే భరించాలి. వచ్చిన సొమ్ములో కోయరాదు. ఎవరైనా విరాళమిస్తే విడిగా రాయండి. దానం వేరు, ధర వేరు. మిగిలిన వస్తువులను పదిలంగా చుట్టి, లెక్క కాగితంతో, డబ్బుతో సహా ఆ వారంలోనే అందజేయండి.

ఆదివారం కానుకపెట్టెలో ఉదారంగా వేసిన చెయ్యే, మధ్యాహ్నం బొమ్మ దగ్గర యాభై రూపాయలు తగ్గించమంటే, మన పిల్లలు ఏది నేర్చుకుంటారు?

ఇంట్లో కలిసి ఆలోచించండి

1. ఈ నెలలో మనం ఎవరి శ్రమకు తక్కువ ఇచ్చాం?
2. ఆ లోటును ఎలా తీర్చగలం?