అరపూట బడి

మన హోసూరు చేరువనున్న తొరపల్లిలో 1878లో జన్మించిన రాజాజీ మహామేధావి, నిరాడంబరుడు; అందు సందేహము లేదు. అట్టివారే మదరాసు ముఖ్యమంత్రిగా 1953లో పల్లె ప్రాథమిక పాఠశాలలకు దినమునకు మూడు గంటల చదువు చాలుననిరి. తక్కిన వేళ పిల్లలు ఇంటి వృత్తి నేర్వవలెనట! బడులు చాలని ఆ కాలమున రెండు జట్లుగా ఎక్కువమందికి చదువు చెప్పవచ్చునన్న లెక్క కొంత సబబే. కాని కుమ్మరి బిడ్డ కుమ్మరిగానే మిగులవలెనా యన్న ప్రశ్న పుట్టెను. శాసనసభలోను వీధులలోను వ్యతిరేకత పెరిగెను. 1954 ఏప్రిలులో రాజాజీ పదవి వీడిరి. పిదప వచ్చిన కామరాజు ఆ పథకమును రద్దుచేసిరి.

2006 నాటి తమిళ అభ్యసన చట్టము పిదప మన బిడ్డలు తమిళము తప్పక చదువవలెను. చదువవలసినదే, అందుకై తెలుగు తగ్గరాదు. కనుక తలిదండ్రుల సభకు వచ్చి సంతకము చేసి వెడలిపోకుడు. వారమునకు తెలుగు పాఠములెన్ని, పుస్తకములు ఎన్నడు వచ్చును అని మమ్మే మొదట అడుగుడు.